ఏనుగుల వీరాస్వామయ్య: అంచెల మీద నడిచిన అక్షరం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో శిరివెళ్ల మెట్ట దగ్గర దిగి తూర్పు ముఖంగా నిలబడితే నల్లమల కనిపిస్తుంది. ఆ కొండల అంచునే దక్షిణాన అహోబిలం, ఉత్తరాన మహానంది. మన విద్యార్థుల్లో చాలామందికి ఇది రోజూ చూసే దృశ్యమే గనుక ఇందులో వింతేమీ కనపడదు. కానీ 1830లో అహోబిలం చూసుకుని మహానంది వైపు ఈ నేల మీదుగా ఒక పెద్ద పరివారం సాగిపోయింది. అందులో ఒకాయన, ఎక్కడ మజిలీ చేసినా, దారి ఎట్లా ఉన్నదీ, నీళ్లు దొరికేదీ లేనిదీ, అంగట్లో ఏమి అమ్మేదీ, ఊళ్లో మనుషులు ఎట్లాంటివాళ్లో రాసి పెట్టుకుంటూ పోయాడు. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. ఆ రాతలే తరవాత కాశీయాత్ర చరిత్ర అయినాయి. తెలుగు వచనంలో తొలి యాత్రాగ్రంథంగా దాన్ని చెప్పుకుంటాం.

ఈ ఏడు సంచికకు ఈ-మెయిల్ ఎట్లా నడుస్తుందో, దానికి తాళం ఎట్లా వేస్తారో రాయమని విద్యార్థి సంఘంవారు అడిగారు. కంప్యూటర్ సంగతి అడిగితే పల్లకీలో పోయినవాడి కథ ఎందుకు ఎత్తుకున్నాడని పాఠకులు అనుకోవచ్చు. కారణం ఉన్నది. కాశీయాత్ర చరిత్ర పుస్తకంగా పుట్టలేదు, ఉత్తరాలుగా పుట్టింది. దూరాన ఉన్న స్నేహితుడికి రాసి పంపిన మాటలు చెడకుండా, పోకుండా చేరినాయి కాబట్టే ఈనాడు మన చేతుల్లో ఉన్నాయి. రాసినవాడు, మోసినవాడు, అందుకున్నవాడు, ఈ ముగ్గురిలో ఎవరు తప్పినా ఆ పుస్తకం లేదు. ఈ-మెయిల్ కూడా ఈ ముగ్గురి కథే. అందుకని ఆయన జీవితం చెబుతూనే ఈ సంగతీ చెప్పుకుపోతాను.

తండ్రి లేని పిల్లవాడు

వీరాస్వామయ్యగారు 1780 ప్రాంతంలో చెన్నపట్నంలో పుట్టారు. నియోగి కుటుంబం. తండ్రి పేరు సామయమంత్రి. పిల్లవాడికి తొమ్మిదేళ్లు నిండీ నిండకముందే తండ్రి పోయాడు. ఆస్తిపాస్తులు చూసి పెంచేవాళ్లు లేని ఇంట్లో చదువే దిక్కు. పన్నెండో ఏటికే ఇంగ్లీషు చదవడం రాయడం పట్టుబడి, కంపెనీవారి బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో వాలంటీరుగా కుదురుకున్నారు. మన పిల్లలు ఏడో తరగతిలో ఉండే వయసది. తరవాత కొన్నాళ్లు తిరునెల్వేలి వైపు కొలువు చేసి, మళ్లీ పట్నం చేరి, మెట్టు మెట్టుగా పైకి వచ్చి, మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు అయినారు. తెలుగులో దుబాసీ అంటాం, గౌరవంగా ద్విభాషి అంటాం. తెలుగు, తమిళం, సంస్కృతం, ఇంగ్లీషు ఆయనకు బాగా వచ్చు.

ఆ ఉద్యోగం ఎంత బరువైనదో కాస్త ఆలోచించండి. 1801లో ఏర్పడిన ఆ కోర్టులో జడ్జీలు ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు. బోనులో నిలబడినవాడికి ఇంగ్లీషు రాదు, జడ్జీకి తెలుగు అరవం రావు. నేరస్థుడో కాడో తేలేది మధ్యలో నిలబడిన ద్విభాషి నోటి నుంచి వచ్చిన మాటల మీద. ఒక్క మాట చేరిస్తే ఒక సంసారం కూలుతుంది. ఒక్క మాట మింగితే ఒక దొంగ బయటపడతాడు. లోపల విన్నది బయట అమ్ముకుంటే కోట్ల వ్యాజ్యం తారుమారవుతుంది. కాబట్టి ద్విభాషికి నియమాలు మూడు: విన్నది ఉన్నదున్నట్టు చేరవేయాలి; ఎవరు అన్న మాట ఎవరిదో తేడా రాకుండా చెప్పాలి; సంబంధం లేనివాడి చెవిన వేయకూడదు.

ఈ మూడూ గుర్తు పెట్టుకోండి. ఇవాళ ఇంజనీర్లు ఉత్తరాల భద్రత గురించి మాట్లాడేటప్పుడు చెప్పేది సరిగ్గా ఈ మూడే. మాట మారకుండా ఉండడం ఒకటి, పంపినవాడు నిజంగా వాడేనా అన్నది రెండు, పరాయివాడు చదవకుండా ఉండడం మూడు. ప్రోటోకాల్ అనే పెద్ద మాటకు భయపడనక్కరలేదు. ఇద్దరు అపరిచితులు ఒక పని కోసం కలిసినప్పుడు ముందు ఎవరు మాట్లాడాలి, దానికి రెండోవాడు ఏమని జవాబివ్వాలి, పని అయిందని ఎట్లా తెలపాలి అన్న ఒప్పందమే ప్రోటోకాల్. కోర్టు మర్యాద ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే.

ప్రయాణం

1830 మే 18న వీరాస్వామయ్యగారు చెన్నపట్నంలోని తమ తోట నుంచి కాశీకి బయలుదేరారు. వెంట కుటుంబం, బోయీలు, బంట్రోతులు అంతా కలిసి సుమారు వంద మంది. రైలు లేదు, మన దేశంలో జనం ఎక్కే తొలి రైలు 1853లో గానీ రాలేదు. తిరుపతి, కడప, అహోబిలం, మహానంది, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, జగన్నాథం, అక్కణ్ణుంచి ఉత్తర సర్కారుల గుండా తిరిగి పట్నం. 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు దాటింది.

మన ప్రాంతం అప్పుడు రెండు చేతుల్లో ఉండేది. కడప సీమ 1800 నుంచి కంపెనీది. ఇటు కందనవోలు, అంటే కర్నూలు, ఇంకా నవాబుది. 1839 దాకా అట్లాగే ఉన్నది. ఎల్ల దాటితే దొర మారతాడు, సుంకం మారుతుంది. శ్రీశైలం పోయే యాత్రికుల దగ్గర నవాబు మనుషులు వసూలు చేసే పన్నులు చూసి ఆయన నొచ్చుకున్నారు. ఇంకా ముందుకు పోతే రూపాయి కూడా మారుతుంది. ఒకచోట చెల్లే నాణెం ఇంకోచోట వట్టానికి పోతుంది. ఇవన్నీ ఆయన పట్టించుకుని రాశారు, వెనక వచ్చేవాళ్లకు పనికొస్తాయని.

బయలుదేరేటప్పుడు ఆయన ఒక మాట ఇచ్చి వచ్చారు. కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ల అని పట్నంలో ఆప్తుడు, కలిగినవాడు, లోకోపకారం మీద మనసున్నవాడు. దారి పొడుగునా చూసినది రాసి పంపుతానని ఆయనకు మాట. పదిహేను నెలలు ఆ మాట నిలబెట్టుకున్నారు. స్నేహితుడికి రాసే ఉత్తరం గనుక అందులో వ్యాకరణం సోకు లేదు. ఇంట్లో మాట్లాడినట్టే రాశారు. అరవం మాట వస్తే అరవం, తురకం మాట వస్తే తురకం, ఇంగ్లీషు మాట వస్తే ఇంగ్లీషు. వ్యావహారిక భాషోద్యమం పుట్టడానికి ఎనభై ఏళ్ల ముందే ఒక గుమాస్తా చేతి మీదుగా అది నడిచిపోయింది.

అంచె

ఆ రోజుల్లో ఉత్తరం ఎట్లా పోయేది? తెలుగులో అంచె అని మంచి మాట ఉన్నది. ఒకడు కొంత దూరం పరిగెత్తి సంచి రెండోవాడికి అందిస్తాడు. వాడు ఇంకొంత దూరం. మొదటివాడు తన ఊరికి తిరిగి పోతాడు. సంచి మోసే ఏ ఒక్కడూ చెన్నపట్నం చూసి ఉండడు, కానీ సంచి చెన్నపట్నం చేరుతుంది. చేతిలో గజ్జెలు కట్టిన బల్లెం, రాత్రి అయితే ముందు దివిటీ. 1774లో వారన్ హేస్టింగ్సు కంపెనీ తపాలాను మామూలు జనానికి కూడా తెరిచాడు. మద్రాసులో 1786లో జనరల్ పోస్టాఫీసు పెట్టారు. రుసుము దూరాన్ని బట్టి, బరువును బట్టి. దేశమంతటికీ ఒకే ధర, పావు తులం ఉత్తరానికి అర్ధణా, అతికించే స్టాంపు, ఇవన్నీ 1854లో గానీ రాలేదు.

ఈ అంచె పద్ధతిలో ఒక ధర్మం ఉన్నది. సంచి చేతికి తీసుకున్న క్షణం నుంచి అది నీ పూచీ. తరవాతి వాడు అందుకున్నానని చెప్పేదాకా నీదే.

ఇప్పుడు మీ ఫోన్లో పంపు అన్న మీట నొక్కారనుకోండి. లోపల జరిగేది ఇదే. మీ ఉత్తరం ముందుగా మీకు ఖాతా ఇచ్చిన కంపెనీ సర్వరు దగ్గరకు పోతుంది. ఊరి పోస్టాఫీసు అనుకోండి. మీరు మీరేనని పాస్‌వర్డు చూసి అది తీసుకుంటుంది. చిరునామాలో మధ్యన ఉండే ఆ చుట్ట గుర్తుకు కుడివైపు ఊరు, ఎడమవైపు మనిషి. ఆ గుర్తును 1971లో రే టామ్లిన్సన్ ఇందుకు వాడుకలోకి తెచ్చాడు. ఆ ఊరికి ఉత్తరాలు తీసుకునే ఆఫీసు ఏదో చెప్పే పెద్ద చిరునామాల పట్టీ ఒకటి ప్రపంచమంతటా పంచి పెట్టి ఉన్నది; డి.ఎన్.ఎస్. అంటారు, 1983లో మొదలైంది. మీ సర్వరు ఆ పట్టీని అడిగి, అవతలి సర్వరు తలుపు తడుతుంది. ఆ తలుపుకు నంబరు కూడా ఉన్నది: 25.

అక్కడ రెండు యంత్రాలకూ మధ్య జరిగే మర్యాద చూడముచ్చటగా ఉంటుంది. ఇది ముందు పలకరించి తన పేరు చెబుతుంది. అది జవాబిస్తుంది. ఫలానావారు పంపుతున్నారని ఇది చెబుతుంది. సరేనంటుంది అది. ఫలానావారికి అని ఇది చెబుతుంది. ఆ మనిషి తన దగ్గర ఉంటే సరేనంటుంది, లేకపోతే అక్కడే కాదంటుంది. అప్పుడు ఉత్తరం మొత్తం చదివి వినిపించి, చివర ఒక పంక్తిలో ఒక్క చుక్క పెడుతుంది. ఆ చుక్క చూసి అవతలిది 250 అని అంకె పలికితే, సంచి చెయ్యి మారినట్టు. ఇక పూచీ దానిది. ఇంతే ఎస్.ఎం.టి.పి. అంటే. 1982లో జాన్ పోస్టెల్ అనే అమెరికన్ దీన్ని చక్కగా రాసి పెట్టాడు. ఆయన 1998లో పోయినా, ఆ మర్యాద కొద్ది చేర్పులతో నేటికీ అదే.

అవతలి సర్వరు పలకకపోతే? అంచెవాడు వాగు పొంగితే గట్టున కూచున్నట్టు, మీ సర్వరు ఉత్తరాన్ని వరుసలో పెట్టుకుని కాసేపాగి మళ్లీ తడుతుంది. నాలుగైదు రోజులు ప్రయత్నించి, కాకపోతే చేరలేదని మీకే తిప్పి పంపుతుంది. నోరు మూసుకుని పారేయడానికి దానికి హక్కు లేదు. దారిలో ప్రతి సర్వరూ తన పేరు, గంట, నిమిషం ఉత్తరం నెత్తిన వేస్తుంది, పాత కార్డుల మీద ఊరూరి పోస్టాఫీసు ముద్రలు పడినట్టు. అవి చదవడం వస్తే ఉత్తరం ఏ దారిన వచ్చిందో తెలుస్తుంది.

చేరిన ఉత్తరాన్ని తీసుకోవడానికి వేరే పద్ధతి. 1984 నాటి పాప్ అనే పద్ధతిలో పోస్టాఫీసుకు పోయి మన ఉత్తరాలు మన ఇంటికి తెచ్చేసుకుంటాం. 1986లో మార్క్ క్రిస్పిన్ చేసిన ఐమ్యాప్ పద్ధతిలో ఉత్తరాలు అక్కడే భద్రంగా ఉంటాయి, మనం ఏ చోటి నుంచి పోయినా తీసి చదువుకోవచ్చు. ఫోన్లో చదివిన ఉత్తరం కాలేజీ కంప్యూటర్లో కూడా చదివినట్టు కనపడేది ఇందుకే.

లిపికి ద్విభాషి

వీరాస్వామయ్యగారి ఉద్యోగం గుర్తుకు తెచ్చే ఇంకో సంగతి. ఈ-మెయిల్ పుట్టినప్పుడు దానికి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు తప్ప మరేమీ తెలియవు. ఆ దారిన తెలుగు అక్షరం పోతే ముక్కలై చేరేది. దారులన్నీ తవ్వి కొత్తవి వేయడం కుదరదు. అందుకని 1992లో మైమ్ అనే ఏర్పాటు వచ్చింది. పంపేచోట తెలుగును ఇంగ్లీషు అక్షరాల వేషంలోకి మార్చి, ఇది తెలుగు, ఈ లెక్కన మార్చాం అని పైన చీటీ పెట్టి పంపుతారు. అందుకునేచోట ఆ చీటీ చూసి మళ్లీ తెలుగు చేస్తారు. యూనికోడ్ లెక్కలో మన అ అనే ఒక్క అక్షరం మూడు బైట్లు. ఆ వేషంలో నాలుగు ఇంగ్లీషు గుర్తులవుతుంది. మధ్యన మోసేవాడికి అందులో ఏముందో అర్థం కాకపోయినా ఒక్క పొల్లు కూడా పోదు. మంచి ద్విభాషి పని కదా ఇది! అయితే ఒకటి గమనించాలి. ఇది వేషమే గానీ తాళం కాదు. లెక్క అందరికీ తెలిసినదే గనుక ఎవరైనా విప్పి చదవవచ్చు.

లక్క ముద్ర, హుండీ, తాళం

ఇక తాళం సంగతి. వీరాస్వామయ్యగారి కాలంలో ఉత్తరం మడిచి, లక్క కరిగించి, ఉంగరం అద్దేవారు. లక్క పగిలి ఉంటే దారిలో ఎవడో చూశాడని తెలిసేది. కానీ తెలిసేసరికి వాడు చదివేసి ఉంటాడు. మాటలనే మార్చి రాయడం ఇంకా పాత విద్య. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో గూఢలేఖల ప్రస్తావన ఉన్నది. మన పిల్లలు ప్రతి అక్షరానికీ ముందు క చేర్చి మాట్లాడుకునే కభాష కూడా అట్లాంటిదే. తెలియని పెద్దలు నోరు తెరుచుకుని వింటారు, తెలిసినవాడు నవ్వుతాడు.

ఈ పాత పద్ధతులన్నిటిలో ఒకటే చిక్కు. తాళం వేసేవాడి దగ్గరా, తీసేవాడి దగ్గరా ఒకే తాళంచెవి ఉండాలి. నాగపూరులో ఉన్నవాడు పట్నంలో ఉన్నవాడికి తాళంచెవి ఎట్లా పంపాలి? ఆ చెవిని పంపడానికి మళ్లీ ఒక భద్రమైన దారి కావాలి. అట్లాంటి దారే ఉంటే ఉత్తరమే పంపవచ్చు గదా! వేల ఏళ్లు మనుషులు ఈ ముడి విప్పలేకపోయారు. 1976లో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు అమెరికన్లు బహిరంగంగా మాట్లాడుకుంటూనే రహస్యం కుదుర్చుకునే దారి చూపారు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ అనే ముగ్గురు దాన్ని రెండు చెవుల తాళంగా చేశారు.

మహానందిలో హుండీ చూసిన వాళ్లకు ఇది తేలిగ్గా తెలుస్తుంది. హుండీలో ఎవరైనా వేయవచ్చు. వేసినవాడు కూడా తిరిగి తీయలేడు. తీసే తాళంచెవి దేవస్థానంవారి దగ్గరే ఉంటుంది. అట్లాగే ప్రతి మనిషీ తన పేర ఒక హుండీ బజార్లో పెట్టినట్టు ఒక బహిరంగ చెవిని లోకానికి ఇచ్చేస్తాడు. ఎవరైనా దానితో ఉత్తరాన్ని మూసి పంపవచ్చు. తెరిచే రహస్య చెవి మాత్రం అతని దగ్గర తప్ప ఎక్కడా లేదు. దీని వెనక గణితం హైస్కూలు పిల్లవాడికి కూడా అందుతుంది. 61ని 53తో గుణిస్తే 3233 అని వెంటనే చెబుతాం. 3233 ఇచ్చి ఏ రెండు ప్రధాన సంఖ్యల లబ్ధమో చెప్పమంటే తల గోక్కుంటాం. నిజంగా వాడే సంఖ్యలు ఆరు వందల అంకెలకు పైబడి ఉంటాయి. వాటిని విడగొట్టే సులువు ఎవరూ బయట పెట్టలేదు గనుకనే తాళం నిలిచి ఉన్నది. ఈ గణితం నెమ్మది గనుక ఉత్తరం మొత్తాన్ని దీనితో మూయరు. అప్పటికప్పుడు పుట్టించిన చిన్న చెవితో ఉత్తరాన్ని మూసి, ఆ చిన్న చెవిని మాత్రం హుండీలో వేస్తారు.

దీన్నే తిరగవేస్తే సంతకం వస్తుంది. రహస్య చెవితో అద్దిన ముద్రను బహిరంగ చెవితో ఎవరైనా సరిచూడవచ్చు, కానీ ఆ ముద్ర అద్దగలిగేది ఒక్కడే. ఉత్తరంలో ఒక కామా మారినా ముద్ర పొసగదు. కోర్టులో ద్విభాషి ప్రమాణం చేసి చెప్పిన మొదటి రెండు నియమాలూ ఈ ఒక్క సంతకంలో ఇమిడినాయి.

ఇప్పుడు అసలు తెలుసుకోవలసినది. మన మామూలు ఈ-మెయిల్‌కు పూర్తి తాళం ఉండదు. పోస్టెల్ కాలంలో అసలే లేదు. ఉత్తరం కార్డు ముక్క మాదిరి పోయేది. 1999లో సర్వరుకూ సర్వరుకూ నడుమ దారిని మూసే ఏర్పాటు వచ్చింది. అంటే అంచెవాడి సంచికి తాళం వేశారు. దారిలో పొంచి ఉన్నవాడు చదవలేడు. కానీ ప్రతి పోస్టాఫీసులోనూ సంచి తెరుస్తారు, లోపల ఉత్తరం విప్పి ఉంటుంది. సర్వరు ఎవరిదో వాళ్లు చదవదలుచుకుంటే చదవగలరు. రాసినవాడూ చదివేవాడూ తప్ప మధ్యలో ఎవరూ విప్పలేని తాళం కావాలంటే వేరే పనిముట్టు వాడాలి. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ పి.జి.పి. అనే అట్లాంటి పనిముట్టును ఉచితంగా లోకానికి ఇచ్చాడు. ఆయుధాన్ని దేశం దాటించాడన్నట్టు అమెరికా ప్రభుత్వం ఆయన మీద మూడేళ్లు విచారణ జరిపి, 1996లో కేసు పెట్టకుండానే విరమించుకున్నది. మామూలు మనిషి ఉత్తరానికి గట్టి తాళం దొరకడం ఏలేవాళ్లకు ఎప్పుడూ కాస్త కంటగింపే. ఎంత తాళం వేసినా పైన చిరునామా మాత్రం తెరిచే ఉంటుంది. ఎవరు ఎవరికి ఎప్పుడు రాశారో మోసేవాడికి తెలియకపోతే ఉత్తరం చేరదు గదా.

ఇంకొక లోపం మన విద్యార్థులను నేరుగా తాకేది. పాత మర్యాదలో పంపేవాడు తన పేరు ఏది చెబితే అదే నమ్మేవారు. కవరు వెనక ఎవరి పేరైనా రాయవచ్చు. ఉద్యోగం వచ్చింది, డిపాజిట్టు కట్టండి అని పెద్ద కంపెనీ పేరుతో వచ్చే ఉత్తరాలు, స్కాలర్‌షిప్ కోసం బ్యాంకు వివరాలు పంపమని వచ్చే ఉత్తరాలు ఈ సందులోంచి దూరినవే. పొలం కుదువబెట్టి చదివించే ఇళ్ల పిల్లలు ఆశపడి డబ్బు కట్టి, సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోవడం మనం విన్నదే. దీనికి కట్టడిగా ఈ శతాబ్దంలో మూడు తనిఖీలు వచ్చినాయి. ఈ ఊరి పేరున ఉత్తరాలు పంపే హక్కు ఏ సర్వర్లకు ఉన్నదో పట్టీలో ముందే రాసి పెట్టడం ఒకటి, ఊరి పేర ముద్ర అద్దడం రెండు, ఈ రెండూ తప్పిన ఉత్తరాన్ని ఏమి చేయాలో చెప్పి ఉంచడం మూడు. ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డి.మార్క్ అని పేర్లు. ఇవి చాలా దొంగ ఉత్తరాలను ఆపుతాయి. కానీ అసలు పేరుకు ఒక్క అక్షరం తేడాతో కొత్త ఊరు కొనుక్కుని, దానికి సరైన ముద్ర వేయించుకుని వచ్చే దొంగను ఏ యంత్రమూ పూర్తిగా పట్టలేదు. అక్కడ చూపు మనది, బుద్ధి మనది. చిరునామాలో చుట్ట గుర్తుకు కుడివైపు ఉన్న పేరును అక్షరం అక్షరం చదవడం అలవాటు చేసుకోండి. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు గానీ డబ్బు అడగడు.

ఉత్తరాలు పుస్తకమైన విధం

మళ్లీ మన కథానాయకుడి దగ్గరకు వద్దాం. 1831లో ఇల్లు చేరిన వీరాస్వామయ్యగారు ఆ తరవాత ఎంతో కాలం బతకలేదు. 1836లో కన్నుమూశారు. తన రాతలు అచ్చులో చూసుకునే భాగ్యం ఆయనకు లేకపోయింది. ఆయన పోయిన రెండేళ్లకు, 1838లో, ఆ ఉత్తరాలను అందుకున్న శ్రీనివాసపిళ్లే వాటిని గ్రంథంగా కూర్చి, స్నేహితుడి జీవితం కూడా ముందు చేర్చి అచ్చు వేయించారు. 1869లో మళ్లీ అచ్చయింది. తరవాత జనం మరిచిపోతున్న దశలో దిగవల్లి వేంకటశివరావుగారు ఎంతో శ్రమపడి, వివరణలు చేర్చి, 1941లో ప్రకటించారు. ఈనాడు మనం చదివేది ఆ శ్రమ ఫలితం.

ఆ కాలంలోనే వెన్నెలకంటి సుబ్బారావుగారనే ఇంకో ద్విభాషి మద్రాసు సదర్ కోర్టులో పనిచేశారు. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న జీవితచరిత్ర 1873లో అచ్చయింది. ఇతరుల మాటలు మోసి బతికిన ఇద్దరు మనుషులు తమ మాట కూడా మనకు విడిచిపోవడం గమనించదగినది. ఇతరుల మాటను చెడనీయనివాడికి తన మాట విలువ కూడా తెలుస్తుంది గాబోలు.

శ్రీనివాసపిళ్ల ఆ కాగితాలను చదివి ఒక మూలన పారేసి ఉంటే? దారిలో ఒక అంచెవాడు బరువని సంచి దించేసి ఉంటే? మొదటి ఉత్తరం రాసి అలసిపోయి వీరాస్వామయ్యగారే మానుకుని ఉంటే? 1830లో మన నల్లమల కింది దారి ఎట్లా ఉండేదో, అహోబిలంలో గుడి ఎట్లా ఉండేదో, యాత్రికుడు ఏమి తిని ఎక్కడ పడుకున్నాడో తెలుసుకునే వీలు మనకు పోయేది. మూడు చోట్ల ముగ్గురు మాట నిలబెట్టుకున్నారు.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వచ్చింది. అప్పటి నుంచి ఉత్తరం పోవడానికి పదిహేను రోజులు పట్టేది పోయి రెప్పపాటు అయింది. గజ్జెల బల్లెం పోయింది, దివిటీ పోయింది, లక్క పోయింది. అంచె మాత్రం పోలేదు. అందుకున్నానని చెప్పే మర్యాద పోలేదు. పూచీ పోలేదు.

విద్యార్థి మిత్రులారా! ఈ కాలేజీ విడిచి మీలో కొందరు హైదరాబాదు, బెంగుళూరు, ఇంకా దూరదేశాలు పోతారు. రేపు మీలో ఎవరో ఇట్లాంటి సర్వరును నడిపే ఉద్యోగంలో కూచుంటారు. లక్షల మంది ఉత్తరాలు మీ చేతి కింద నుంచి పోతాయి, మీరు చూడాలంటే చూడగలరు. ఆ రోజున కోర్టులో నిలబడిన ఆ చెన్నపట్నం ద్విభాషి గుర్తుకు రావాలి. మాట చేర్చకుండా, మాట మింగకుండా, మాట అమ్ముకోకుండా ముప్పై దినాల జీతానికి పనిచేసి, గౌరవంగా బతికి, గౌరవంగా పోయిన మనిషి ఆయన. అట్లాగే ఇల్లు విడిచి పోయినవాళ్లు ఇంటికి ఒక ఉత్తరం రాయండి, తెలుగులో రాయండి, పొడుగ్గా రాయండి. ఊరు ఎట్లా ఉన్నదీ, తిండి ఎట్లా ఉన్నదీ, అద్దె ఎంత అయిందీ రాయండి. అందుకున్నవాళ్లు దాచి పెట్టండి. ఎవరి ఉత్తరం ఏ కాలానికి చరిత్ర అవుతుందో రాసేవాడికి తెలియదు; శిరివెళ్ల దాపున పల్లకీలో పోతూ వీరాస్వామయ్యగారికీ తెలియదు.